చీటీ లేని ఫైలు

నా భయం ఒక్కటే. నా కూతురిని ఎవరైనా లాక్కుపోతే వెంటపడి అరవడానికి నాకు గొంతుంది, కాళ్ళున్నాయి. కానీ ఎవరో నవ్వుతూ వచ్చి అడిగితే, అన్నీ సరిగ్గా చూసుకుని, నేను పనిచేసే చోటి వాళ్ళే దాన్ని చేతులారా అప్పగించేస్తే? అప్పుడు నేనేం చెయ్యను? ఎవరి మీద అరవను?

దాన్ని నేను గువ్వ అంటాను. నాలుగేళ్ళది. నేను ఆయాగా పనిచేసే పిల్లల సంరక్షణ కేంద్రంలోనే పగలంతా ఉంటుంది. నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. మొగుడి ఇల్లు వదిలి వచ్చేసిన రోజున నాతో ఉన్నవి ఒక సంచీ, ఈ పిల్ల. పిల్లలు లేని మా వదిన, అంటే మా ఆయన అక్క, గడప దాకా వచ్చింది. "పిల్లని నా దగ్గర వదిలెయ్. నువ్వు ఎటైనా పో" అంది. కోపంగా కూడా అనలేదు. గువ్వ బుగ్గ నిమురుతూ అంది. ఆ చెయ్యి ఇప్పటికీ కలలోకి వస్తుంది.

మా సెంటర్లో రెండు నియమాలున్నాయి.

మొదటిది, మనిషిని కాదు, తెరను నమ్మాలి. ఏ బిడ్డను ఎవరికి అప్పగించాలో వాళ్ళ ఫొటో డెస్కు కంప్యూటర్లో ఉంటుంది. గేటు కెమెరాలో పడిన ముఖం ఆ ఫొటోతో కలిస్తే గేటు పక్కనున్న చిన్న తెర పచ్చగా వెలుగుతుంది, బిడ్డ పేరు చూపిస్తుంది. ముందు గేటుకీ, వెనక గేటుకీ ఒకటే పద్ధతి. పచ్చగా వెలిగితే అప్పగించాలి, లేకపోతే సొంత తండ్రయినా ఆగాల్సిందే.

రెండోది, పొద్దున్నే ప్రతి బిడ్డ చొక్కాకీ ఒక రంగు చీటీ క్లిప్పుతో పెడతాం. బిడ్డ ఏ గదిదో దాని మీద ఉంటుంది. చీటీ లేని బిడ్డను ఏ గదిలోకీ తీసుకోకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ఎవరి బిడ్డో మనకు తెలిసినా సరే. పొద్దున పెట్టిన మనిషే వచ్చి మళ్ళీ పెట్టాలి.

నిన్న ఆ మొదటి నియమం మూలపడింది.

"పేరు నొక్కుతున్నాను, పాస్‌వర్డు కొడుతున్నాను, తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ మొదటికే వస్తోంది," అంది డెస్కు అక్క ఈ పొద్దున, ఏడుపు గొంతుతో. "నిన్న మధ్యాహ్నం నుంచీ ఇదే వరస. పాస్‌వర్డు మర్చిపోయానని మాత్రం అనకండి మేడమ్. మా ఆయన పేరైనా మర్చిపోతానేమో గానీ అది మర్చిపోను."

డెస్కు దగ్గర లాగిన్ అయితే తప్ప గేటు తెరలు వెలగవు. నిన్న సాయంత్రం తల్లుల ముఖాలు గుర్తుపట్టి పిల్లల్ని పంపించాం. సెంటర్ నడిపే మేడమ్ రాత్రంతా నిద్రపోలేదట. పోయిన నెల ఇలాంటి మరో సెంటర్లో ఒక పిల్లవాడిని, తెర పచ్చగా వెలిగాకే, ఎవరో తెలియని మనిషికి అప్పగించారు. వాడు ఇంకా దొరకలేదు. ఆ కేసు చూస్తున్న ప్రైవేటు డిటెక్టివునే మేడమ్ పిలిపించింది. ఎంత తొందరున్నా ఒక్కో మాటా తూచినట్టు మాట్లాడుతుంది కాబట్టి, ఆవిడ వచ్చిన కాసేపటికే మేం నిదానమ్మ అని పేరు పెట్టేశాం.

ఆవిడ వచ్చేసరికే సర్వీసు ఇంజనీరు డెస్కు ముందు కుర్చీ లాక్కుని కూర్చుని ఉన్నాడు. మెడలో బ్యాడ్జీ, ఒళ్ళో లాప్‌టాప్.

"ఏముంది మేడమ్, సెక్యూరిటీ పాలసీ అడ్డం పడుతోంది," అన్నాడు. "ఈ మెషిన్ లినక్స్ మీద నడుస్తుంది. అందులో ఎస్‌ఈలినక్స్ అని ఒక కావలి ఉంటుంది. దాన్ని పడుకోబెడితే లాగిన్ దానంతటదే వస్తుంది. రెండు నిమిషాల పని."

"ఎందుకు అడ్డం పడుతోంది?" అంది నిదానమ్మ.

"దానికి కారణం ఉండాలా అండీ? అత్తగారి లాంటిది. ఊరికే వద్దంటుంది."

డెస్కు అక్క ఫక్కున నవ్వింది. నిదానమ్మ నవ్వలేదు.

"నాకు అత్తగారు లేరు. కాబట్టి కారణం వెతుక్కుంటాను. కాస్త లేస్తారా?"

"మీరు పోలీసా?"

"కాదు."

"మరి మెషిన్ మా కంపెనీది. ముట్టుకోవడానికి మీకేం హక్కుంది?"

"పిల్లలు మేడమ్ బాధ్యత. ఆవిడ పిలిచారు." నిదానమ్మ బ్యాగులోంచి చేతి తొడుగులు తీసింది. "పోయిన నెల పిల్లవాడు పోయిన సెంటర్లో కూడా కావలిని పడుకోబెట్టింది మీరే కదూ?"

అతను ముఖం గంటు పెట్టుకున్నాడు. "అందరూ చేసేదే అది. పిల్లవాడు పోయింది గేటు దగ్గర. మా మెషిన్లో కాదు."

"మెషిన్ చూసే కదా గేటు తీశారు?"

అతను లేచాడు. కుర్చీ మాత్రం కావాలనే దూరంగా జరిపి లేచాడు. ఆవిడ ఆ కుర్చీ జోలికే పోలేదు. నేల మీద బాసింపట్టు వేసుకుని, బల్ల కింద ఉన్న కంప్యూటర్ పెట్టె మీదకి టార్చి వేసింది.

"చూడమ్మా," అని నన్ను పిలిచింది. ఎందుకు నన్నే పిలిచిందో తెలియదు. బహుశా మిగతా అందరూ మాట్లాడుతుంటే నేనొక్కదాన్నే నోరు మూసుకుని ఉన్నందుకేమో. "ఏం కనిపిస్తోంది?"

"దుమ్మండీ."

"ఎక్కడ లేదు?"

స్విచ్చు మీద లేదు. దాని చుట్టూ వేలంత మేర తుడిచినట్టుగా ఉంది.

"దీన్ని రోజూ ఎవరూ ఆపరు. ఎవరో వేలు పెట్టి, మెషిన్ ఆగిపోయేదాకా నొక్కి పట్టుకున్నారు." ఆవిడ తల తిప్పకుండానే అడిగింది. "డెస్కు దగ్గర్నుంచి నిన్న ఎప్పుడు లేచావమ్మా?"

"లేవలేదండీ," అంది డెస్కు అక్క.

"మంచినీళ్ళకైనా?"

"సీసా ఇక్కడే ఉంటుంది."

"అయితే స్విచ్చు నొక్కింది సీసానా?"

డెస్కు అక్క మేడమ్ వైపు చూసింది. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. "పిల్లలు పడుకున్న వేళ ఏసీ మెకానిక్ వచ్చాడండీ. పడకగదిలో గాలి తగులుతోందో లేదో నిలబడి చూసి చెప్పమన్నాడు. నేను వెళ్ళి వచ్చేసరికి కంప్యూటర్ ఆగి మళ్ళీ లేస్తోంది. కరెంటు ఊగిందక్కా అన్నాడు."

"లైట్లు కూడా ఊగాయా?"

"...లేదండీ."

"ఎంతసేపున్నావు ఆ గదిలో?"

"పావుగంట ఉంటుందేమో. ఒక పిల్ల లేచి ఏడిస్తే జోకొట్టి వచ్చాను."

"మెకానిక్‌ని ఎవరు పిలిచారు?"

"మేడమ్ పిలిచి ఉంటారనుకున్నా."

"నేను పిలవలేదు," అంది మేడమ్.

"ఇంకేమైనా అడిగాడా?"

డెస్కు అక్క ఈసారి నా వైపు చూసింది. "కిటికీ పక్క పరుపు మీద పాప ముద్దుగా ఉంది, పేరేంటి అన్నాడు. చెప్పాను. అందులో తప్పేముందిలే అనుకున్నా."

కిటికీ పక్క పరుపు గువ్వది. గోడకి ఆనుకున్నాను.

నిదానమ్మ తన పెన్‌డ్రైవ్ పెట్టి మెషిన్‌ని లేపింది. లోపలి డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా చదవడానికట. తెర మీద చీమల బారులా వరసలు వచ్చాయి. ప్రతి వరసలోనూ ఒకే మాట ఉందని ఆవిడ వేలితో చూపించింది. నిరాకరించబడింది, నిరాకరించబడింది, నిరాకరించబడింది.

"నిన్న మధ్యాహ్నం మెషిన్ ఆగి లేచిన క్షణం నుంచే ఇవి మొదలయ్యాయి. అంతకు ముందు ఇలాంటిది ఒక్కటి లేదు. అన్నీ ఒకే ఫైలు గురించి." ఆవిడ చూపు నా చేతిలో మిగిలిన రంగు చీటీల మీద పడింది. "అవేమిటి?"

చెప్పాను. చీటీ లేని బిడ్డను ఎవరూ తీసుకోరనీ, ఎవరికీ ఇవ్వరనీ చెప్పాను. ఆవిడ మొదటిసారి కాస్త నవ్వింది.

"ఈ మెషిన్లో కూడా అంతే. ప్రతి ఫైలుకీ ఒక చీటీ ఉంటుంది. కావలివాడు మనిషిని చూడడు, చీటీ చూస్తాడు. పాస్‌వర్డులన్నీ దాచే ఫైలు ఒకటుంది. నిన్నటి నుంచి దానికి చీటీ లేదు. లాగిన్ వెళ్ళి ఆ ఫైలు చదవబోతే, ఇది ఎవరిదో నాకు తెలియదు, ముట్టుకోకు అంటున్నాడు. అందుకే డెస్కు అక్క సరైన పాస్‌వర్డు కొట్టినా తెర మళ్ళీ మొదటికొస్తోంది."

"చీటీ ఊడిపోయిందా?" అంది మేడమ్.

"ఊడదు. ఆ ఫైలునే నిన్న మళ్ళీ రాశారు. మెషిన్ లేచేటప్పుడు కావలివాడు ఇంకా డ్యూటీ ఎక్కని క్షణం ఒకటుంటుంది. అక్కడ మెషిన్‌ని ఆపి, లోపలికి దూరి, అన్నిటికీ అధికారం ఉండే పెద్ద పాస్‌వర్డు మార్చేశాడు. కావలి లేనప్పుడు రాసిన ఫైలుకి చీటీ పడదు. పని తెలిసినవాళ్ళు బయటికొచ్చే ముందు, చీటీలన్నీ మళ్ళీ పెట్టు అని మెషిన్‌కి ఒక మాట చెప్పి వస్తారు. ఇతను చెప్పలేదు."

"తొందరలో మర్చిపోయుంటాడు," అన్నాడు ఇంజనీరు.

"కాదు. అలవాటు లేదు." ఆవిడ అతని వైపు తిరిగింది. "ఇంతవరకు అతను దూరిన మెషిన్లన్నిటిలోనూ కావలివాడు పడుకునే ఉన్నాడు. చీటీలతో అవసరమే పడలేదు. మీరు ఇంకా చెయ్యి పెట్టని మెషిన్ ఇదొక్కటే దొరికింది అతనికి."

ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి.

"సరే, అదే నిజమనుకుందాం. ఆ చీటీ మళ్ళీ పెట్టేస్తే సరిపోతుంది కదా! లాగిన్ వచ్చేస్తుంది."

"వచ్చేస్తుంది. అతనికి కూడా వచ్చేస్తుంది. ఈ తలుపు మనకొక్కరికే మూసుకోలేదు బాబూ. అతను మార్చిన పాస్‌వర్డు కూడా ఆ చీటీ లేని ఫైల్లోనే ఉంది. తాళం చెవి చేయించుకుని, లోపలికి రాలేక, బయట నిలబడి ఉన్నాడు." ఆవిడ పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకుంది. "నేను గది చూసి వస్తాను. అంతవరకు దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు."

పడకగదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. భోజనాలై పిల్లలంతా వరసగా పడుకున్నారు. కొత్త ఆయా, చేరి వారం కాలేదు, తలుపు పక్కన పీట మీద కూర్చుని జోగుతోంది. నిదానమ్మ స్టూలు ఎక్కి ఏసీ మీదకి టార్చి వేసింది. మూత అంచు నుంచి గోడకి సాలెపురుగు దారం ఒకటి, ఎక్కడా తెగకుండా, మెరుస్తోంది.

"దీన్ని ఎవరూ తెరవలేదు," అంది గుసగుసగా. "మెకానిక్ కాదు వాడు."

నేను గువ్వ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. నోరు కాస్త తెరుచుకుని పడుకుంది. చొక్కా మీద పసుపు చీటీ ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది. ఆవిడ చెప్పిన మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. చీటీ లేనిదాన్ని ఎవరికీ ఇవ్వరు. ఎందుకు చేశానో ఆలోచించలేదు. మెల్లగా క్లిప్పు విప్పి, చీటీని పిడికిట్లో పెట్టుకున్నాను.

అప్పుడే ముందు గదిలోంచి చిన్న సంగీతం వినిపించింది. కంప్యూటర్ తెరుచుకున్నప్పుడు రోజూ పొద్దున వినిపించేదే.

నిదానమ్మ స్టూలు మీద నుంచి దూకింది. ఆవిడ పరిగెత్తడం అప్పుడే చూశాను. నేనూ ఆవిడ వెనకే పరిగెత్తాను.

తెర నిండా మామూలు బొమ్మ, మామూలు గుర్తులు. ఇంజనీరు రెండు చేతులూ తల వెనక పెట్టుకుని కూర్చున్నాడు. "చూశారా? మెషిన్ లేచేటప్పుడు ఒక్క మాట చేర్చాను. కావలి పడుకుంది, అక్క పాస్‌వర్డు కొట్టింది, తలుపు తెరుచుకుంది. మీరేమో సాలెపురుగులతో మాట్లాడుతున్నారు."

"తల్లులు వచ్చే వేళవుతోంది," అంది మేడమ్, ఎవరి కళ్ళలోకీ చూడకుండా. "సరేనన్నాను."

నిదానమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "మిమ్మల్ని ఎవరు పిలిచారు?" అని మాత్రం అడిగింది అతన్ని.

"సెంటర్ నుంచే. పొద్దున ఫోన్ వచ్చింది."

"నేను చెయ్యలేదు," అంది మేడమ్. డెస్కు అక్క కూడా తల అడ్డంగా ఊపింది.

"ఆడగొంతేనండీ. చాలా మర్యాదగా మాట్లాడింది." ఇంజనీరు చేతులు మెల్లగా తల మీద నుంచి కిందికి దిగాయి. "పిల్లలకి ఇబ్బందవుతోంది బాబూ, నువ్వు రెండు నిమిషాల్లో తెరిపిస్తావట కదా, నీ చెయ్యి పడితే చాలు, అంది."

నీ చెయ్యి పడితే చాలు.

ఆ ఇంట్లో అంట్లు తోమించడానికీ, బట్టలు ఉతికించడానికీ, చివరికి నా మెడలో గొలుసు విప్పించుకోవడానికీ మా వదిన అన్న మాట అదే. అదే తియ్యటి గొంతు.

"తాను తెరవలేని తలుపు తెరవడానికి మిమ్మల్ని పంపించారు," అంది నిదానమ్మ.

"అటు చూడండి," అంది డెస్కు అక్క.

మౌసు మీద ఎవరి చెయ్యీ లేదు. తెర మీద బాణం గుర్తు కదులుతోంది. తొందర లేకుండా, దారి తెలిసినట్టు, పిల్లల పేర్ల మీదుగా దిగి ఒక చోట ఆగింది. గువ్వ పేజీ తెరుచుకుంది. అప్పగించవలసినవారు అన్న చోట నా ఫొటో ఉంది. అది మాయమైంది. దాని చోట మా వదిన వచ్చింది. స్టూడియోలో తీయించుకున్న కొత్త ఫొటో. నవ్వుతోంది.

నిదానమ్మ బల్ల వెనక చెయ్యి పెట్టి బయటి నెట్ వైరు పీకేసింది. బాణం ఆగిపోయింది. కానీ అప్పటికే వెనక గేటు గంట మోగింది.

ఆ నవ్వు మీద నుంచి చూపు తిప్పుకుని నేను పరిగెత్తేసరికి పడకగది గుమ్మం దగ్గర పీట ఖాళీగా ఉంది. కిటికీ పక్క పరుపు కూడా ఖాళీగా ఉంది. దుప్పటి ఇంకా వెచ్చగా ఉంది.

వసారాలో నాకు చెప్పు జారిపోయింది. రెండోది నేనే విసిరేశాను. మలుపు తిరగకముందే మాటలు వినబడ్డాయి.

"తెర పచ్చగానే ఉందమ్మా, పాప పేరు కూడా చూపిస్తోంది. కానీ చీటీ లేదు. చీటీ లేకపోతే ఇవ్వకూడదట." కొత్త ఆయా గొంతు అది.

"అయ్యో తల్లీ, నిద్రలో ఎక్కడో జారిపోయుంటుంది. ఇంకోటి రాసి పెట్టెయ్. ఎంతసేపు? నీ చెయ్యి పడితే చాలు."

నేను మలుపు తిరిగాను. కొత్త ఆయా గువ్వను భుజాన వేసుకుని, జేబులోంచి ఖాళీ చీటీ తీసి, గోడకి ఆనించి రాయబోతోంది. పక్కన తెర పచ్చగా వెలుగుతూనే ఉంది. గేటు గడియ తీసే ఉంది.

"దాని చీటీ నా దగ్గరుంది!" అని అరిచాను.

కొత్త ఆయా చేతిలోంచి కలం పడిపోయింది. నేను పిల్లను లాక్కుని, కాలితో గేటు మూసి, వీపు ఆనించి నిలబడ్డాను. వదిన పారిపోలేదు. ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి గువ్వ బుగ్గ నిమిరింది.

"పెద్దదైంది," అంది. "ఎంత బాగా పెంచుతున్నావో!"

తర్వాత మెల్లగా నడిచి వెళ్ళి కారెక్కింది. కారు నడుపుతున్న మనిషి ఒంటి మీద ఏసీ మెకానిక్ చొక్కా ఉంది.

నేను తిరిగి వచ్చి వదిన సంగతీ, కారు రంగూ చెప్పాను, మేడమ్ వాటిని పోలీసులకి ఫోన్‌లో చెప్పింది. నిదానమ్మ ఆధారాలన్నీ తన డిస్కులోకి తీసుకుని, పెద్ద పాస్‌వర్డు మార్చి, కావలిని మళ్ళీ లేపింది. మెషిన్ తనంతట తాను ఒక్కో ఫైలుకీ చీటీ పెట్టుకుంటోంది. ఇంజనీరు నేల మీద కూర్చున్నాడు.

"ఆ బాణాన్ని కదిపిన మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో తెలిసింది," అంది ఆవిడ. "ఇలాంటి మరో సెంటర్ డెస్కు కంప్యూటర్లోకి దూరి, దాని మీదుగా ఇక్కడికి వచ్చాడు. పిల్లవాడు పోయిన సెంటర్ కాదు అది. అక్కడివాళ్ళకి ఇంకా ఏమీ తెలియదు." అతని వైపు వంగింది. "మొత్తం ఎన్ని సెంటర్లలో కావలిని పడుకోబెట్టారు?"

"ఫిర్యాదు వచ్చిన ప్రతిచోటా," అన్నాడు అతను. "లెక్క పెట్టలేదు."

"అన్నిటికీ పెద్ద పాస్‌వర్డు వేరువేరుగా పెట్టారా?"

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"మీ వదిన అతనికి ఒక బేరం, అంతే," అంది ఆవిడ నాతో, మెల్లగా. "బిడ్డ కావాలని అడిగేది ఆవిడ ఒక్కతే అయి ఉండదు."

అప్పటి నుంచి ఆవిడా, మేడమ్, డెస్కు అక్కా ఫోన్లు చేస్తూనే ఉన్నారు. కొన్ని చోట్ల ఎత్తడం లేదు. ఎత్తినవాళ్ళు, మా దగ్గర లాగిన్ బ్రహ్మాండంగా ఉందండీ, ఒక్క రోజు కూడా ఆగలేదు అంటున్నారు. కావలి పడుకున్న చోట లాగిన్ ఎందుకు ఆగుతుంది? ఆ మాట విన్నప్పుడల్లా నిదానమ్మ కళ్ళు మూసుకుంటోంది. గువ్వ నా ఒళ్ళోనే మళ్ళీ నిద్రపోయింది. నేను ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో ఇది రాస్తున్నాను.

మీ బిడ్డ ఇప్పుడు మీకు కనబడేంత దూరంలో ఉంటే సరే. లేకపోతే ఇది ఇక్కడే ఆపండి. ఫోన్ చెయ్యకండి, అన్నీ సరిగ్గానే ఉన్నాయంటారు. లేచి వెళ్ళండి. పొద్దున ఎక్కడ వదిలి వచ్చారో అక్కడికి వెళ్ళి, ముందు బిడ్డను చూడండి. తర్వాత ఆ పేజీ తెరిపించి, మీ ఫొటో ఉండాల్సిన చోట ఎవరు నవ్వుతున్నారో చూడండి.